హనోయిలో హో చి మిన్ సమాధి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి వియత్నాంకు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. హనోయి ప్రోగ్రాం చెప్పగానే, అక్కడున్న వియత్నాం విప్లవ నేత హో చి మిన్ సమాధి గురించి వినిపించే మాటల్లో అన్నిటికంటే నష్టం చేసేది ఇది.

అపోహ: సమాధే కదా, సాయంత్రం సిటీ టూర్‌లో చూసేయొచ్చు.

వాస్తవం: చూడలేరు. లోపలికి పంపేది పొద్దుటి పూటే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7.30 - 10.30, నవంబరు నుంచి మార్చి దాకా 8 - 11. శని, ఆదివారాల్లో ఇంకో అరగంట ఉంటుంది. సోమ, శుక్రవారాలు సెలవు. హో జయంతి మే 19, జాతీయ దినం సెప్టెంబరు 2 ఆ సెలవు రోజుల్లో వస్తే మాత్రం తెరుస్తారు. వీటికి తోడు, లోపల భద్రపరిచిన హో భౌతికకాయం సంరక్షణ కోసం ఏటా సుమారు రెండు నెలలు మూసేస్తారు. పాత గైడ్‌బుక్కుల్లో అది సెప్టెంబరు తర్వాత అని ఉంటుంది. అది నమ్మి జులైకి టికెట్లు తీసుకునేవాళ్లు ఎందరో! కొన్నేళ్లుగా మూస్తున్నది జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. బయల్దేరే ముందు ఆ ఏడాది తేదీలు కనుక్కోండి.

ఒక శుక్రవారం సమాధి ముందున్న బా దిన్ మైదానంలో ఖమ్మం నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ ఒకాయన కలిశారు. చిన్నప్పుడు ఇంటి గోడ మీద హో ఫొటో చూస్తూ పెరిగారట. కొడుకు వేసిన ప్లాన్‌లో మర్నాడు పొద్దున్నే హాలాంగ్ బే, అటునుంచి అటే ఎయిర్‌పోర్టు. "ఇంత దూరం వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయానయ్యా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. దయచేసి సోమ, శుక్రవారాలు కాని ఒక పొద్దుటిపూట దీనికే వదిలి, మిగతా ప్లాన్ తర్వాత వేసుకోండి.

అపోహ: లోపల ఉన్నది మైనపు బొమ్మ.

వాస్తవం: ఈ పుకారు ఎన్నిసార్లు వినాలి! 1969లో హో చనిపోయాక సోవియట్ నిపుణుల సాయంతో భద్రపరిచిన దేహమే అది. 1975 ఆగస్టులో సమాధి భవనం తెరిచారు. తనను దహనం చేసి, ఆ బూడిదను ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాలకు పంచమని ఆయన వీలునామాలో రాసుకున్నారు. ఆ మాట తెలిసి లోపలికి వెళ్తే మనసు ఇంకోలా ఉంటుంది.

నిక్కరు వేసుకెళ్తే అరెస్టు చేస్తారా? చేయరు, వెనక్కి పంపుతారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి. లోపల ఫొటోలు, మాటలు కుదరవు, జేబుల్లో చేతులు పెట్టుకోకూడదు.

ఇక పెద్దవాళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగేది: "బాబూ, శవాన్ని చూశాక స్నానం చేయకుండా అన్నం ఎలా తింటాం?" ఇది తీసిపారేసే మాట కాదమ్మా. దేహం గాజుపేటికలో ఉంటుంది, కాస్త ఎడంగా నడుస్తూనే చూస్తాం, ఆగనివ్వరు. అయినా మనసొప్పకపోతే లోపలికి రావక్కర్లేదు, దగ్గర్లోనే ఉన్న వన్ పిల్లర్ పగోడా (ఒంటి స్తంభం మీద కట్టిన బౌద్ధ ఆలయం) చూడొచ్చు. వచ్చేవాళ్లు తెరవకముందే క్యూలో ఉంటే, హోటల్‌కి తిరిగొచ్చి స్నానం చేసి చెకౌట్ అవ్వొచ్చు. నా గ్రూపులకు ఆ రోజు భోజనం ఒంటిగంట తర్వాతే పెట్టిస్తాను.