నోరు మూసుకున్న నెర్రె

పోయిన ఎండాకాలం నల్లగొండలో రోడ్డు పక్కన ఒక రంజన్ కొన్నాను. అందరిలాగే వేలి కణుపుతో నాలుగు వైపులా తట్టి చూశాను. ఖంగుమంది. ఇంటికి తెచ్చి నీళ్లు పోస్తే తెల్లారేసరికి అడుగు దగ్గర సన్నని తడి గీత. రంజన్ చెమర్చడం మామూలే, కానీ ఇది చెమట కాదు, నెర్రె. అమ్మ చూసి, "మెల్లగ కొట్టి ఇన్నవు బిడ్డా, జర గట్టిగ కొట్టాలె" అంది. కొనేటప్పుడు పక్కనే ఉండి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదో మరి.

నెర్రె ఉన్నా కుండ ఖంగుమనడానికి కారణం, దాని రెండు అంచులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండటం. నీళ్ల బరువుకు గోడ సాగితే గానీ అది విచ్చుకోలేదు. లోహాల్లోనూ ఇదే తంటా.

రైలు పట్టాల మీద సిబ్బంది చిన్న ట్రాలీ తోసుకుంటూ, నీళ్లు చిలకరిస్తూ పోవడం కొందరైనా చూసే ఉంటారు. దాని అడుగున ఉన్న ప్రోబ్ మన చెవికి అందని శబ్దాన్ని పట్టాలోకి పంపుతుంది. అదే అల్ట్రాసౌండ్. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. 5 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 50 లక్షల కంపనాలు, అప్పుడు ఒక్కో అల పొడవు 1.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దారిలో పగులు ఉంటే అందులోని పలుచని గాలి పొర కూడా ఈ శబ్దానికి గోడే. తగిలి వెనక్కి వస్తుంది, తెర మీద గీత లేస్తుంది.

పగులు మూసుకుపోయి ఉంటే? లోహం లోహాన్ని తాకుతోంది కాబట్టి శబ్దం చాలావరకు దాటిపోతుంది, ప్రతిధ్వని ఉండదు, ఉన్నా లెక్కలోకి రాదు. మే నెల మధ్యాహ్నం పొడుగ్గా వెల్డింగ్ చేసిన పట్టా సాగాలని చూస్తుంది, సాగే చోటు లేక లోపలికే ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడికి అడ్డంగా ఉన్న పగులు మూసుకోవచ్చు. చలికాలం తెల్లవారుజామున అదే పట్టా ముడుచుకోబోయి బిగుసుకుంటుంది, పగులును లాగుతుంది. పట్టాలు విరిగే భయం ఆ వేళలో ఎక్కువ. రైల్వే వాళ్లు చలి రాత్రుల్లో గస్తీ తిరిగేది అందుకే.

నోరు మూసుకున్న పగులును మాట్లాడించే ఉపాయమే నాన్‌లీనియర్ అల్ట్రాసౌండ్. శబ్దం అంటే ఒక తోపు, ఒక లాగుడు. గడియ పెట్టకుండా దగ్గరికి వేసిన రెండు రెక్కల తలుపు అనుకోండి. తోసినప్పుడు రెక్కలు ఒత్తుకుంటాయి, అల దాటుతుంది. లాగినప్పుడు విడిపోతాయి, అల తెగుతుంది. ఈ కదలిక నానోమీటర్లలోనే, అయినా దాటి వచ్చిన అల ఒక పక్క కోసేసినట్టు వంకరపోతుంది. వంకరపోయిన అలలో కొత్త స్వరాలు పుడతాయి: 5 మెగాహెర్ట్జ్ పంపితే 10, 15 కూడా వస్తాయి, ఒక్కోసారి సగం, అంటే 2.5 కూడా. పాత పద్ధతి "ఎంత తిరిగొచ్చింది" అని చూస్తుంది. ఇదేమో "నేను పంపనిది ఏం వచ్చింది" అని వెతుకుతుంది. బరాత్‌లో చినిగిన స్పీకర్ లాంటిదే ఇది. సౌండ్ తక్కువున్నప్పుడు బాగానే పాడుతుంది, పెంచగానే గర్రుమంటుంది. ఆ గర్రు పాటలో లేదు, స్పీకర్‌లో ఉంది.

సౌండ్ పెంచడమే ఇక్కడ కీలకం. అల బలహీనంగా ఉంటే తలుపు రెక్క కదలదు. అమ్మ చెప్పిందీ ఇదే. పదే పదే బరువు పడి లోహం అలసిపోవడం వల్ల వచ్చే పగుళ్లు ఇలా కొత్త స్వరాలు పుట్టిస్తాయని 1978లోనే బక్, మోరిస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు చూపించారు.

మరి ఇన్నేళ్లయినా ప్రతి ట్రాలీ మీదికీ ఇది ఎందుకు ఎక్కలేదు? పుట్టే స్వరం చాలా చిన్నది. పైగా యాంప్లిఫయర్, ప్రోబ్, దాని కింద పూసే జెల్ కూడా సొంతంగా అలాంటి స్వరాలే పుట్టిస్తాయి. దొంగను పట్టబోతే కావలివాడి అడుగులే వినిపించినట్టు! నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

దీనికి నాకు నచ్చిన విరుగుడు ఒకటుంది. చిన్నప్పుడు తిరిగే టేబుల్ ఫ్యాన్ ముందు నోరు పెట్టి "ఆ..." అనే ఆట గుర్తుందా? గొంతు ముక్కలు ముక్కలుగా వణుకుతుంది. అలాగే వస్తువును ఒక పక్క నుంచి నెమ్మదైన కంపనంతో ఊపుతారు, ఇంకో పక్క నుంచి అల్ట్రాసౌండ్ పంపుతారు. ఊపుకు పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఫ్యాన్ రెక్కలా పనిచేస్తుంది. అసలు స్వరానికి అటూ ఇటూ రెండు కొత్త స్వరాలు లేస్తాయి. పంపే పరికరాలు వేరువేరు కాబట్టి అవి తమంతట తాము ఈ రెండింటినీ పుట్టించడం తక్కువ.

ఇక మన గుట్టల గ్రానైట్ దగ్గరికొస్తే కథ మారుతుంది. గింజ గింజకూ మధ్య కంటికి కనపడని నెర్రెలు దానికి పుట్టుకతోనే ఉంటాయి. అందుకే గట్టి బండ కూడా కొంత గర్రుమంటుంది. ఉక్కు మీద పనికొచ్చిన కొలత దీనికి పనికిరాదు, ఆ బండనే ఆ బండతో పోల్చాలి. రాళ్లు కొట్టేవాళ్లు సుత్తెతో చేసేదీ అదే: ఒకే బండ మీద చోటు మార్చి మార్చి కొట్టి, చెవి పెట్టి వింటారు.