గుమ్మం మీది కలబంద

ప్రియమైన పిల్లలకు,

నాయనమ్మ దీవెనలు. మొన్న ఫోన్‌లో "ఊరింటి గుమ్మానికి ఆ మొక్కను తలకిందులుగా కట్టారు, పాపం దానికి నీళ్లెవరు పోస్తారు?" అని అడిగారు. తీరిగ్గా చెప్పాలని రాస్తున్నాను.

అది కలబంద. అమావాస్య నాడు పసుపు కుంకుమ పెట్టి కడతాం. ఇంటికి తగిలే దిష్టిని అది లాక్కుంటుందని మా అత్తమ్మ నమ్మకం. ఎండిపోతే, దిష్టి తీసుకుని పోయిందనేది.

నేను దాన్ని నిజంగా చూసింది వలసపోయి వచ్చిన ఏడు. వానల్లేక పాలమూరు పల్లెలు బొంబాయి పనులకు కదిలిన రోజులవి. మేమూ ఇంటికి తాళం వేశాం. ఎనిమిది నెలలకు తిరిగొస్తే వాకిట్లో మల్లె ఎండి పుల్లయింది. కలబందకు బయటి ఆకులు వడిలి ఎర్రబడ్డాయి గానీ నడిమి మొవ్వ పచ్చగానే ఉంది. తలకిందులుగా కట్టినది కాస్తా వంగి, వెలుగు కోసం పైకి లేచింది. తాళం తీయకుండా మీ తాత, నేను దాన్నే చూస్తూ నిలబడ్డాం. దిష్టి సంగతి ఏమో గానీ, ఆ పూట మాకు ధైర్యమిచ్చింది అదే.

దాని సొంతూరు అరేబియా. మామూలు చెట్లు పగలు ఆకుల సన్న రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఆ దారినే నీరూ ఆవిరైపోతుంది. కలబంద పగలు వాటిని మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, పీల్చిన గాలిని పులుపుగా మార్చి దాచుకుంటుంది. తెల్లారి ఎండ వచ్చాక ఆ నిల్వతోనే వంట చేసుకుంటుంది. తాగే నీళ్లు ఆకులోని జిగురులోనే ఉంటాయి.

రణపాల మొక్కదీ ఇదే పద్ధతి. బెంజమిన్ హెయిన్ అనే డాక్టరు మన దేశంలో ఉండగా ఆ ఆకు నమిలి, పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉందని రాసిన ఉత్తరం 1815లో అచ్చయింది. మీరు కలబందను మాత్రం అలా నమలకండి. తొక్క కింది పసుపు పాలు కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఈజిప్టులో కైరో వాళ్లూ కొత్త ఇళ్ల తలుపుల మీద కలబంద కట్టేవాళ్లట. మట్టి, నీళ్లు లేకుండా ఏళ్ల తరబడి బతికి పూలు కూడా పూసేదని ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషాయన 1836లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అరబ్బీలో దాని పేరు సబ్ర్, అంటే ఓర్పు. మన దగ్గర "జర సబర్ చెయ్" అంటామే, ఆ మాటే.

ఆనాటి మొక్కను తర్వాత బావి గట్టున నాటాను. ఇప్పుడు దాని చుట్టూ పిలకలే. దసరాకు వచ్చినప్పుడు ఒకటి మీ బాల్కనీకి తీసుకెళ్లండి, వేళ్లకు తడి గుడ్డ చుట్టాల్సిన పని కూడా లేదు.

మీ నాయనమ్మ