బిళ్ళ వేసిన రోజుకీ, తెరిపినిచ్చే రోజుకీ మధ్య

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి మందుల షాపులో డిప్రెషన్ మాత్ర కావాలని అడిగేవాళ్ళు అరుదు. నరాల బిళ్ళలంటారు, నిద్ర బిళ్ళలంటారు. డాక్టరు దగ్గర కూడా దిగులుగా ఉందని ఎవరూ మొదలుపెట్టరు. "ఒల్లంతా లాగేస్తంది బాబూ, ఏటీ తినబుద్దెయ్యదు, తెల్లారగట్ల మూడింటికే మెలకువొచ్చేస్తాది" అంటారు. వినే తీరిక ఉన్న డాక్టరుకు ఆ మూడు ముక్కలు చాలు. తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌లో బాగా తెలిసిన లక్షణమే. అయితే ముందు దొరికేది గ్యాస్ బిళ్ళ, ఆ తర్వాత బలం ఇంజక్షను, ఆపైన సెలైను. మధ్యలో ఎవరో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడతాడు కనుక రక్తపరీక్ష చేయించడం మంచిదే. అవన్నీ బాగానే ఉన్నాయని తేలి, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికో, సరిహద్దు దాటి శ్రీకాకుళానికో విశాఖకో చేరేసరికి నెలలు గడిచిపోతాయి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్ళలో 80 శాతానికి పైగా చికిత్స అందడం లేదని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. రెండింటి అంచునా ఉన్న మన ఊళ్ళ లెక్క ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని నేననుకోను.

ఇంత తిరిగి చీటీ రాయించుకున్న మనిషి పది రోజులకే మందు మానేస్తే ఎలా ఉంటుంది? తరచూ జరిగేది అదే. మానేసినవాళ్ళను తప్పుపట్టలేం. మొదటి పది రోజుల్లో వాళ్ళకు కనిపించేది కొత్తగా వచ్చిన వికారం, తలనొప్పి, ఒకరకమైన చిరాకు. పాత దిగులు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందే ఎవరూ చెప్పకపోతే, "ఈ మందు పడలేదు" అనుకోవడం సహజం.

దిగులు తగ్గడానికి పట్టే ఈ ఆలస్యం ఎందుకో శాస్త్రం కొంతవరకు చెప్పగలదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లుయాక్సెటిన్ లాంటివి నేడు ఎక్కువగా రాసే మందులు. ఒక నాడీకణం సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, పక్క కణానికి కబురు అందాక దాన్ని మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది. ఈ మందులు ఆ లాగేసుకునే దారిని మూస్తాయి. ఆ పని కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. కానీ మెదడుకూ ఒక జాగ్రత్త ఉంది. డాబా మీది ట్యాంకులో నీళ్ళు ఒక మట్టానికి రాగానే బంతి పైకి లేచి ధార ఆగిపోతుంది చూడండి, అలాగే సెరటోనిన్ పెరిగిందని పసిగట్టే గ్రాహకాలు దాన్ని వదిలే కణాల జోరును తగ్గించేస్తాయి. రోజూ మందు పడుతూ ఉంటే కొన్ని వారాలకు ఆ గ్రాహకాలు మొద్దుబారి అడ్డు తొలగుతుంది. ఈలోగా నాడీకణాల మధ్య కొత్త అతుకులు పడే పని కూడా నెమ్మదిగా సాగుతుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే తేడా తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు. సెరటోనిన్ తగ్గిపోవడమే డిప్రెషన్ అని టీవీల్లో చెప్పే మాట వినడానికి సులువుగా ఉంటుంది గానీ, దానికి గట్టి ఆధారాలు లేవు. మందు పనిచేసే తీరు ఒకటి, జబ్బు పుట్టే కారణం మరొకటి.

మరి వికారం మొదటి రోజే ఎందుకు? ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లోనే. మందు ముందు కదిలించేది పొట్టనే. ఉదయం చద్దన్నమో పఖాళో తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది, వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది. డాక్టర్లు 10 మిల్లీగ్రాముల ఎస్సిటలోప్రామ్ రాసినా మొదటి వారం సగం బిళ్ళే వేసుకోమనేది అందుకే. మాత్ర మీద నడిమికి ఉండే గీత దగ్గర విరవడమే. ఆ సగాన్ని చూసి "సగం బిళ్ళకేటి తగ్గుతాది" అని రెండో సగం కూడా మింగేవాళ్ళున్నారు.

పొట్ట కుదుటపడినా కుదుటపడని బాధ ఒకటుంది. ఈ మందులతో దాంపత్య కోరిక, తృప్తి తగ్గడం మామూలే. మగవాళ్ళు ఎవరికీ చెప్పకుండా మందు ఆపేస్తారు, ఆడవాళ్ళను అసలెవరూ అడగరు. అడిగితే మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. ఈ సంగతి చీటీ రాసేటప్పుడే డాక్టర్లు ఎందుకెత్తరో నాకెప్పటికీ అర్థం కాదు.

ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ బృందం ఒక ఆసక్తికరమైన విషయం గమనించింది. మనసు తేలికపడకముందే, మందు మొదలైన తొలి రోజుల్లోనే, ఎదుటివాళ్ళ ముఖాల్లోని సంతోషాన్ని గుర్తుపట్టే తీరు కాస్త మారుతుందట. ఇంట్లో చూసినా అంతే. "నాకేటీ తగ్గలేదు" అని రోగి అంటుండగానే, కోడలు పిల్లల జడలు మళ్ళీ వేస్తోందని అత్తగారు చెబుతుంది. డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళే మనిషిని కూడా గదిలోకి రానివ్వాలనేది ఇందుకే.

అయితే ఓపిక పట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. పాతికేళ్ళలోపు వాళ్ళలో తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో 24 ఏళ్ళ వరకూ ఆ హెచ్చరిక పెట్టించింది. నిద్ర లేకున్నా అలుపు లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంటే అది బైపోలార్, అంటే దిగులూ అతి హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు. ఈ రెంటిలో ఏది కనిపించినా తర్వాతి తారీఖు దాకా ఆగకూడదు. రాత్రయినా సరే మానసిక సాయం అందించే సర్కారీ ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఒళ్ళు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అయితే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదకు రావచ్చు. సారా మానలేనివాళ్ళు ఆ మాట డాక్టరుకు దాచకూడదు. ముసలివాళ్ళలో రక్తంలో సోడియం తగ్గి మత్తుగా, తికమకగా కావచ్చు. దాన్ని వయసు మీద తోసేయడం ప్రమాదం.

సరిహద్దు ఊళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఒడిశా సర్కారీ ఆస్పత్రిలో నిరామయ అనే ఉచిత మందుల పథకం కౌంటరు దగ్గర ఇచ్చిన స్ట్రిప్ అయిపోతుంది, పాతపట్నం షాపులో అడిగితే వేరే పేరు, వేరే రంగు డబ్బా చేతిలో పెడతారు. మందు మారిపోయిందని భయపడి మానేస్తారు. కంపెనీ పెట్టిన పేరుతో పాటు ముద్రించి ఉండే మందు అసలు పేరు, మిల్లీగ్రాములు పాత స్ట్రిప్‌తో సరిపోతే అది అదే మందు. ఖాళీ స్ట్రిప్ పారేయకుండా దగ్గర పెట్టుకుంటే ఏ భాషతోనూ పని లేదు.

మానడానికీ పద్ధతుంది. బాగైందనిపించాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటారు. ముందే ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళే కుర్రాడు మందుల సంచీ ఇంట్లో మరిచి రైలెక్కాడనుకోండి. రెండు మూడు రోజులకు తల తిరుగుతుంది, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఝల్లుమంటుంది, ఊరికే కోపం వస్తుంది. పారాక్సెటిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా పోతాయి కనుక వాటితో ఈ బాధ ఎక్కువ. ఫ్లుయాక్సెటిన్ వారాల తరబడి నిలుస్తుంది కనుక తక్కువ. ఇది మందుకు బానిసైనట్టు కాదు. ఉన్నట్టుండి ఆపేసినందుకు నరాలు తడబడడం. అందుకే మోతాదును వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా కొద్దికొద్దిగా దించుతారు. చివరి చిన్న మోతాదు దగ్గర ఇంకా నిదానంగా వెళ్ళాలి, ఎందుకంటే ఆ కొంచెం మందే మెదడులో సెరటోనిన్‌ను లాగేసుకునే దారుల్లో సగానికి పైగా మూసి ఉంచుతుంది.