ఆ గదిలోంచి అంబులెన్స్‌కి ఫోన్ ఎవరు చేస్తారు?

2013 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ హార్బర్‌లో, ఒక యాట్‌లో, గూగుల్‌లో పెద్ద పోస్ట్‌లో ఉన్న 51 ఏళ్ళ మనిషి చనిపోయాడు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక ఎస్కార్ట్‌ని డబ్బులిచ్చి పిలిపించుకున్నాడు, ఆమె ఆయనకి హెరాయిన్ ఇంజెక్షన్ చేసింది, ఆయన స్పృహ తప్పి పడిపోయాడు. బోట్‌లో కెమెరా ఉంది. దాంట్లో కనపడిందని పోలీసులు చెప్పింది ఏంటంటే, ఆమె తన సామాన్లు సర్దుకుంది, పడి ఉన్న మనిషిని దాటుకుంటూ అటూ ఇటూ తిరిగింది, గ్లాసులో మిగిలిన వైన్ తాగేసింది, కిటికీ బ్లైండ్ కిందకి దించి వెళ్ళిపోయింది. అమెరికాలో మన 108 లాంటి నంబరైన 911కి ఫోన్ చెయ్యలేదు. పొద్దున బోట్ కెప్టెన్ వచ్చి చూసేదాకా ఎవరికీ తెలీదు. 2015లో ఆమె కోర్టులో నేరం ఒప్పుకుంది, హత్య కింద కాదు, ప్రాణం తియ్యాలనే ఉద్దేశం లేకుండా చావుకి కారణమైనందుకు, ఆరేళ్ళ జైలు పడింది.

ఈ వార్త వచ్చినప్పుడు అందరూ దీన్ని డబ్బున్నోడి జల్సా కథలాగో, ఒక దుర్మార్గురాలి కథలాగో చెప్పుకున్నారు. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైంది టైమ్ అనిపిస్తుంది. హెరాయిన్ ఓవర్‌డోస్ అంటే సినిమాల్లో చూపించినట్టు సూది గుచ్చగానే ప్రాణం పోవడం కాదు, చాలా కేసుల్లో పావుగంటో, అరగంటో, ఒక్కోసారి గంట పైనో పడుతుంది, ఆ టైమ్‌లో పక్కనున్న మనిషి ఏం చేశాడన్న దాన్నిబట్టే బతకడమా చావడమా తేలిపోతుంది. డ్రగ్స్‌నీ డబ్బులిచ్చి తెచ్చుకున్న తోడునీ ఒకే గదిలో పెడితే వచ్చే అసలు ప్రమాదం ఇదే. మత్తు ఒంటిని దెబ్బ తీస్తుంది, ఆ దొంగచాటు వ్యవహారం కాపాడే టైమ్‌ని తినేస్తుంది.

ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు కింద, వెన్నుపాము మొదలయ్యే చోట మెడుల్లా అని ఒక భాగం ఉంటుంది, మనం నిద్రపోతున్నా, ధ్యాస ఎక్కడో ఉన్నా, ఊపిరి ఆగకుండా నడిపించేది అదే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరగ్గానే అది పసిగట్టి ఊపిరి పీల్చమని కండరాలకి ఆర్డర్ వేస్తుంది. హెరాయిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటివన్నీ అక్కడి రిసెప్టర్ల మీద కూర్చుని ఆ పసిగట్టే గుణాన్ని మొద్దుబారుస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది, మెదడుకి మాత్రం గాలి కావాలనే ఆత్రం కలగదు. అందుకే ఆ మనిషి కొట్టుకోడు, అరవడు, ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే కనపడతాడు. పైన మందు కూడా తాగి ఉంటే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆల్కహాల్ వేరే దారిలో వచ్చి అదే మెదడుని నిద్రపుచ్చుతుంది. నిద్రమాత్రలదీ అదే దారి. వాటిలో ఒకటైన ఆల్ప్రాజోలం గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, తెలంగాణలో కల్తీ కల్లులో ఏళ్ళ తరబడి కలుపుతున్న మందు అదేగా.

ఇక్కడ ఒక్క విషయం దగ్గరగా చూడండి, ఇది తెలిస్తే నిజంగా ప్రాణం నిలుస్తుంది. గురక. ఓవర్‌డోస్ అయినవాళ్ళలో చాలామందికి మొదట వచ్చేది గురకే, మామూలు గురక కాదు, గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు, లాగి లాగి, మధ్యలో చాలాసేపు గ్యాప్ ఇచ్చి వచ్చే గురక. నాలుక వెనక్కి జారిపోయి, గొంతు కండరాలు వదులైపోయి, గాలి సందు చేసుకుని వెళ్తున్న చప్పుడు అది. పక్కవాళ్ళు ఏమనుకుంటారంటే "బాగా ఎక్కింది, పడుకున్నాడు, పొద్దున్నకి దిగిపోతుందిలే". భార్యో, అన్నో, ఏళ్ళ తరబడి ఒకే రూమ్‌లో ఉన్న ఫ్రెండో అయితే ఈ మనిషి మామూలుగా ఎలా గురకపెడతాడో తెలుసు కాబట్టి తేడా పట్టేస్తారు. గంట కింద పరిచయమైన మనిషికి ఎలా తెలుస్తుంది? ఆస్తమా ఉందా, బీపీ మాత్ర వేసుకుంటాడా, గుండెకి స్టెంట్ వేశారా, ఏదీ తెలీదు, చాలాసార్లు అసలు పేరు కూడా తెలీదు. ఇంకోటి, పెదాలు నీలంగా మారతాయని పుస్తకాల్లో రాస్తారు గానీ మన చామనఛాయ ఒంటి మీద నీలం అంత తొందరగా కనపడదు, గోళ్ళు, పెదం లోపలివైపు, చిగుళ్ళు చూడాలి, అవి బూడిద రంగుకి తిరిగితే ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

కొకైన్ సంగతి దీనికి పూర్తిగా ఉల్టా, అది నిద్రపుచ్చదు, తరిమి తరిమి పరిగెత్తిస్తుంది. గుండె వేగం పెంచుతుంది, బీపీ పెంచుతుంది, అదే టైమ్‌లో గుండెకి రక్తం తెచ్చే నాళాల్నేమో బిగిస్తుంది, అంటే గుండెకి పని పెరిగింది, సప్లై తగ్గింది. 1999లో సర్క్యులేషన్ అనే జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీలో, కొకైన్ తీసుకున్న మొదటి గంటలో హార్ట్ ఎటాక్ రిస్క్ మామూలు కన్నా దాదాపు 24 రెట్లు ఉందని తేలింది. ఇలాంటి రాత్రుల్లో మందు లేకుండా కొకైన్ ఒక్కటే ఉండటం అరుదు, ఆ రెండూ కలిస్తే లివర్‌లో కొకాఎథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది, అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, గుండెకి ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. "మందు కొడితే కొకైన్ టెన్షన్ తగ్గుతుంది" అని చెప్పుకుంటారు చూడండి, అదంతా పైపైకి అనిపించేదే, లోపల గుండె ఇంకా ఎక్కువ దెబ్బ తింటూ ఉంటుంది.

దానికి తోడు పవర్ మాత్రలు. వయాగ్రాలో ఉండే సిల్డెనఫిల్ రక్తనాళాల్ని వదులు చేస్తుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఛాతీనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర కూడా అదే కెమికల్ దారిలో రక్తనాళాల్ని వదులు చేస్తుంది. రెండూ కలిస్తే ఒకటి కుళాయి తిప్పినట్టు, ఇంకోటి తూము మూసేసినట్టు, ఆ కెమికల్ ఒంట్లో పొంగిపోయి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి షాక్‌లోకి వెళ్ళిపోతాడు. సిల్డెనఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అలాంటిదే ఇంకో మందు టడలఫిల్ అయితే 48 గంటలు, సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు ఇవ్వకూడదనేది అందుకే. పాపర్స్ అని సీసాల్లో అమ్మి పీల్పించేవి కూడా ఈ నైట్రేట్ల జాతివే. "నేను వయాగ్రా వాడను, ఆయుర్వేదిక్ క్యాప్సూలే" అనేవాళ్ళకి ఒక మాట, అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2007 నుంచి 2016 దాకా కల్తీ జరిగిందని గుర్తించిన సప్లిమెంట్లు 776, అందులో సెక్స్ పవర్ కోసం అమ్మేవే దాదాపు 45 శాతం, వాటిలో ఎక్కువగా దొరికిన కల్తీ సిల్డెనఫిల్. హెర్బల్ అని రాసిన డబ్బాలోనూ అదే మందు, డోసు ఎంతో డబ్బా మీద ఉండదు.

లామర్ ఓడమ్ పేరు బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి తెలుసు, లాస్ ఏంజిలిస్ లేకర్స్‌తో 2009లో, 2010లో ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడు. 2015 అక్టోబర్ 13న నెవాడాలో క్రిస్టల్ అనే చిన్న ఊళ్ళో, లైసెన్స్ ఉన్న ఒక బ్రాతెల్‌లో స్పృహ లేకుండా దొరికాడు. నెవాడాలో కొన్ని గ్రామీణ కౌంటీల్లో ఇలా సెక్స్ వర్క్ నడపడం లీగల్, లాస్ వేగాస్‌లో మాత్రం కాదు. అక్కడి స్టాఫ్ 911కి ఫోన్ చేసి ఆయన కొకైన్ తీసుకున్నాడని, రోజుల తరబడి హెర్బల్ పవర్ మాత్రలు వేసుకున్నాడని చెప్పారు (ఆ రాత్రి తను డ్రగ్స్ తీసుకోలేదని ఓడమ్ తర్వాత చెప్పుకున్నాడు). పక్కకి తిప్పి పడుకోబెట్టారు, అంబులెన్స్ వచ్చింది, కొన్ని రోజులు కోమాలో ఉన్నాడు, స్ట్రోక్‌లు వచ్చాయి, మళ్ళీ నడవడం మాట్లాడటం నేర్చుకోవాల్సొచ్చింది, కానీ బతికాడు.

యాట్‌లో మనిషినీ ఈయన్నీ పక్కపక్కన పెట్టి నేను చాలాసార్లు ఆలోచించాను. తీసుకున్న డ్రగ్ వేరు, మనుషులు వేరు, కాబట్టి లెక్క తేల్చినట్టు చెప్పలేం, కానీ ఒక్క తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. క్రిస్టల్‌లో ఆ స్టాఫ్‌కి, తాము అక్కడ పని చేస్తున్నందుకే పోలీసులు పట్టుకుపోతారన్న భయం లేదు, ఏం తీసుకున్నాడో ఫోన్‌లో దాచకుండా చెప్పగలిగారు. హార్బర్‌లో ఉన్నామెకి ఆ ధైర్యం ఉండే ఛాన్సే లేదు. ఆమె చేసింది తప్పే, నేను సమర్థించడం లేదు, ఒక మనిషి ఊపిరి ఆగిపోతుంటే వదిలేసి వెళ్ళడం క్షమించరానిది. అయినా ఆమె స్థానంలో ఎవరున్నా భయం మాత్రం వేస్తుంది, ఆ భయాన్ని తగ్గించకుండా ఇలాంటి చావులు తగ్గవు.

అమెరికాలో దీనికోసం చట్టాలు తెచ్చారు, ఓవర్‌డోస్ అయినప్పుడు 911కి ఫోన్ చేసినవాళ్ళ మీద డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నారని కేసు పెట్టకూడదు అని. మొదట 2007లో న్యూ మెక్సికో తెచ్చింది. కాలిఫోర్నియాలో 2013 జనవరి నుంచి అమల్లో ఉంది, అంటే ఆ యాట్ ఘటనకి పది నెలల ముందే. కానీ ఆ చట్టం కవర్ చేసేది వాడకాన్ని, కొద్ది మొత్తంలో దగ్గర ఉండటాన్ని మాత్రమే, ఇంకొకరికి డ్రగ్ ఇచ్చినవాళ్ళని కాదు, సెక్స్ వర్క్ కేసుని కాదు. సరిగ్గా ఇలాంటి గదిలో ఉన్న మనిషికే ఆ రక్షణ అందకుండా పోయింది.

ఇప్పటిదాకా డబ్బులిచ్చినవాడి ప్రాణం గురించే మాట్లాడాను. అటువైపు మనిషికి ఉండే ప్రమాదం చాలాసార్లు ఇంకా పెద్దది, దాని గురించి రాసేవాళ్ళు తక్కువ. వెస్ట్ హాలీవుడ్‌లో ఎడ్ బక్ అని రాజకీయ పార్టీకి విరాళాలిచ్చే పెద్దమనిషి ఒకడు ఉండేవాడు, డబ్బు అవసరం ఉన్న మగవాళ్ళని, చాలావరకు నల్లజాతి వాళ్ళని, అపార్ట్‌మెంట్‌కి పిలిపించి వాళ్ళకి మెథాంఫెటమీన్ (మెథ్) అనే డ్రగ్ ఇంజెక్షన్లు చేసేవాడు. 2017లో ఒకరు, 2019 జనవరిలో ఇంకొకరు అదే ఫ్లాట్‌లో చనిపోయారు. 2019 సెప్టెంబర్‌లో మూడో మనిషి ఒళ్ళు స్వాధీనంలో లేని స్థితిలో ఎలాగో బయటపడి, దగ్గర్లో పెట్రోల్ బంక్‌కి చేరుకుని సాయం అడిగాడు, అప్పుడుగానీ అరెస్ట్ జరగలేదు. 2022లో ఆ పెద్దమనిషికి 30 ఏళ్ళ శిక్ష పడింది. రెండో చావు దాకా ఎందుకు ఆగారంటే, చనిపోయినవాళ్ళు ఎవరో చూసి మామూలు ఓవర్‌డోస్‌లే అని సరిపెట్టేశారని అక్కడి జనమే రోడ్డెక్కి అడిగారు.

కస్టమర్ "నువ్వూ తీసుకో, లేకపోతే మజా ఉండదు, ఎక్స్‌ట్రా ఇస్తా" అన్నప్పుడు ఆ ఎక్స్‌ట్రా డబ్బుకి పోయేది జాగ్రత్తే. మెథ్, మెఫెడ్రోన్ లాంటివి నిద్ర, ఆకలి, దాహం, నొప్పి అన్నిటినీ అణిచేస్తాయి, గంటలు గంటలు సాగుతుంది, నోరూ ఒళ్ళూ ఎండిపోతాయి, సున్నితమైన చోట్ల చర్మం చిట్లుతుంది కానీ నొప్పి తెలీదు, కండోమ్ చిరిగినా ధ్యాస ఉండదు, హెచ్‌ఐవీకి, సిఫిలిస్‌కి తలుపు తీసి పెట్టినట్టే. జీహెచ్‌బీ అనే మత్తు ద్రవం సంగతి మరీ దారుణం, సరదా డోసుకీ కోమా డోసుకీ మధ్య తేడా చాలా సన్నం, మందులో కలిస్తే ఆ తేడా కూడా మిగలదు. పైగా ఒంట్లోంచి గంటల్లోనే వెళ్ళిపోతుంది, మర్నాడు కంప్లయింట్ ఇచ్చినా యూరిన్ టెస్ట్‌లో దొరక్కపోవచ్చు, దాంతో తన మీద ఏం జరిగిందో నిరూపించుకునే దారి కూడా మూసుకుపోతుంది.

మరి అలాంటి గదిలో ఎవరైనా పడిపోతే? భుజం పట్టి కుదిపి గట్టిగా పిలవండి, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దండి, కదలకపోతే 108కి ఫోన్. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా వదిలితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇలా పోయినవాళ్ళు లెక్కలేనంత మంది. ఊపిరి ఆగితే ఫోన్‌లో ఉన్నవాళ్ళు చెప్పినట్టు సీపీఆర్. ముఖం మీద చల్లనీళ్ళు కొట్టడం, నిమ్మకాయ నీళ్ళు పోయడం, మజ్జిగ తాగించడం, మనవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చేసే ఇవన్నీ స్పృహ లేని మనిషికి ప్రాణాపాయం. హెరాయిన్ లాంటి వాటికి నాలోక్సోన్ అని విరుగుడు ఉంది, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది, అమెరికాలో 2023 నుంచి దాని ముక్కు స్ప్రే ప్రిస్క్రిప్షన్ లేకుండా షాపుల్లో అమ్మడానికి పర్మిషన్ ఉంది, అక్కడుంటున్న మన పిల్లలు ఒకటి రూమ్‌లో ఉంచుకుంటే తప్పేం లేదు. అది అరగంట నుంచి గంటన్నర దాకానే పనిచేస్తుంది, ఆ లోపు హాస్పిటల్‌కి చేరాల్సిందే.

డాక్టర్‌కి నిజం చెప్పండి. ఛాతీనొప్పి అని వచ్చిన మనిషి రాత్రి పవర్ మాత్ర వేసుకున్నాడని ఎవరూ చెప్పకపోతే డ్యూటీ డాక్టర్ మంచికే నైట్రేట్ ఇస్తాడు. కొకైన్ అని తెలిస్తే ఇచ్చే మందులే మారిపోతాయి, అలాంటి కేసుల్లో గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పలేకపోతే వాళ్ళని బయటికి పంపించమని అడగొచ్చు. "ఇది పోలీస్ కేసు, ముందు ఎఫ్‌ఐఆర్ తెండి" అని హాస్పిటల్ వాళ్ళు వెనక్కి పంపే హక్కు లేదు, ముందు ప్రాణం కాపాడాలని, కాగితాల పని తర్వాతేనని సుప్రీం కోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2022 మేలో అదే కోర్టు సెక్స్ వర్కర్లకీ గౌరవంగా బతికే హక్కు ఉందని, పోలీసులు వాళ్ళని గౌరవంగా చూడాలని కూడా చెప్పింది.

అయినా మన దగ్గర ఒక పెద్ద లోటు అలాగే ఉంది. రోడ్డు యాక్సిడెంట్‌లో పడిపోయినవాణ్ణి హాస్పిటల్‌లో చేర్చినవాళ్ళని కాపాడటానికి 2019లో మోటార్ వెహికల్స్ చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, దాంతో చాలామందికి ధైర్యం వచ్చింది. డ్రగ్స్ కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో అలాంటిది లేదు. అందులో ఉన్న 64ఏ సెక్షన్, వ్యసనానికి ట్రీట్‌మెంట్ తీసుకుంటానని ముందుకొచ్చిన మనిషికి ఊరట ఇస్తుంది, పక్కన పడిపోయిన మనిషి కోసం ఫోన్ చేసినవాళ్ళకి కాదు. కొకైన్, హెరాయిన్ వాడినందుకే ఏడాది దాకా జైలు పడొచ్చు. అర్ధరాత్రి ఒక హోటల్ గదిలో, గరగరలాడే గురక వింటూ, ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్న అమ్మాయి ఆ ఏడాది జైలు గురించి ఆలోచిస్తుంది, రెయిడ్ గురించి, టీవీలో వచ్చే తన మొహం గురించి ఆలోచిస్తుంది. 134ఏలో రాసినలాంటి నాలుగు వాక్యాలే ఎన్‌డీపీఎస్‌లో కూడా రాయాలని, అవి డ్రగ్ ఇచ్చారా తీసుకున్నారా, ఆ గదిలో ఎందుకున్నారు అన్నది చూడకుండా ఫోన్ చేసిన ప్రతి మనిషికీ వర్తించాలని మన ఎంపీలని అడగాలి, ఆ రాత్రి ఆ అమ్మాయి వెంటనే 108కి డయల్ చెయ్యాలంటే ముందు అది మారాలి.