హంగరీ సంగీతం, పరాయి స్టూడియోలు

హంగరీ స్వరకర్త బేలా బార్తోక్ వాద్యబృంద రచనలకు ప్రామాణికమని రసికులు ఈనాటికీ చెప్పుకునే రికార్డులు ఎక్కడ తయారయ్యాయో చూస్తే షికాగో, మినియాపొలిస్, బెర్లిన్, లండన్ నగరాల పేర్లే ముందుగా కనిపిస్తాయి. బుడాపెస్ట్ పేరు ఆ వరుసలో చాలా ఆలస్యంగా వస్తుంది. ఒక దేశపు పల్లెపాటలోంచి పుట్టిన సంగీతం ఆ దేశం వెలుపలే ముందుగా రికార్డులకు ఎక్కడానికి కారణాలు హంగరీ రాజకీయ చరిత్రలో ఉన్నాయి.

ఈ సంగీతానికి ధ్వనిముద్రణతో ఉన్న బంధం నిజానికి స్టూడియోల కంటే పాతది. 1900ల తొలి దశకంలోనే బార్తోక్, ఆయన మిత్రుడు జోల్తాన్ కొదాయ్ ఎడిసన్ ఫోనోగ్రాఫును వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, రైతుల పాటలను మైనపు స్థూపాల మీద పట్టుకున్నారు. ఆ పాటల్లోని స్వరక్రమాలు, సమంగా విడని లయలు ఆ తరువాత ఇద్దరి రచనల్లోనూ ఇంకిపోయాయి. ఫాసిస్టు నీడ కమ్ముకున్న హంగరీని 1940లో విడిచి అమెరికా చేరిన బార్తోక్, అనారోగ్యంతో, చాలీచాలని రాబడితో కాలం గడుపుతున్న సమయంలో, సంగీత నిర్వాహకుడు (కండక్టర్) సెర్గే కూసెవిట్స్కీ కోరిక మేరకు 1943లో ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ను రచించారు. స్వదేశీయులైన కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్, వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ సిగెతి చొరవ తీసుకోబట్టే ఆ అవకాశం ఆయన దాకా వచ్చింది. 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. 1946లో రైనర్ పిట్స్‌బర్గ్ బృందంతో దానిని స్టూడియోలో రికార్డు చేసేనాటికి స్వరకర్త మరణించి నెలలు గడిచాయి.

అదే రైనర్ 1955 అక్టోబరులో షికాగో బృందంతో ఆ రచనను మళ్లీ రికార్డు చేశారు. స్టీరియో ఎల్.పి.లు బజారులోకి రావడానికి మూడేళ్ల ముందే స్టీరియోలో చేసిన ఆ రికార్డింగులో తీగవాద్యాల గుసగుస కూడా ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. బార్తోక్‌ను ఎరిగిన, ఆయన చదివి, పాఠాలు చెప్పిన బుడాపెస్ట్ సంగీత అకాడమీలోనే చదువుకున్న మనిషి చేతిలో ఆ లయ మాతృభాషలా పలుకుతుంది. కండక్టర్లు అంతాల్ దొరాతి, ఫెరెంత్స్ ఫ్రిచాయ్, జార్జ్ షోల్తి కూడా ఆ అకాడమీ నుంచే వచ్చి, వేర్వేరు కాలాల్లో దేశం దాటినవారే.

యుద్ధానంతర హంగరీలో పరిస్థితి వేరు. బార్తోక్‌ను జాతి గౌరవంగా కొనియాడిన ప్రభుత్వమే, సోషలిస్టు కళాసూత్రాలకు ఒదగని ‘మిరాక్యులస్ మాండరిన్’ వంటి ఆయన రచనలను 1950 ప్రాంతంలో శ్రోతలకు దూరం చేసింది. యువ స్వరకర్త గ్యోర్గీ లిగెటి 1951లో రాసిన ‘రొమేనియన్ కన్సర్టో’ ఒక్క రిహార్సల్‌తోనే ఆగిపోయింది. ఎఫ్ మేజర్ అనే స్వరక్రమపు నడకలో, ఆ క్రమానికి చెందని ఒక ఎఫ్ షార్ప్ స్వరం అధికారుల చెవికి అపస్వరంగా తోచడమే దాని నేరం. 1956 తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేశాక లిగెటి వియన్నాకు పారిపోయారు. అప్పుడే సరిహద్దు దాటిన వాద్యకారులు ఆస్ట్రియాలో ‘ఫిల్‌హార్మోనియా హంగరికా’ను నెలకొల్పారు, దొరాతి నిర్వహణలో కొదాయ్ వాద్యబృంద రచనలను డెక్కా సంస్థకు రికార్డు చేసింది ఈ శరణార్థుల బృందమే.

రికార్డింగు అన్నది స్వరలిపిని తిరిగి పరీక్షించే సందర్భం కూడా అవుతుందనడానికి షోల్తి అనుభవం మంచి సాక్ష్యం. బార్తోక్ ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ రెండో భాగం సైడ్ డ్రమ్ ఏకాకి దరువుతో మొదలవుతుంది. ఆపైన ఊదు వాద్యాలైన బసూన్లు, ఓబోలు, క్లారినెట్లు, ఫ్లూట్లు, ట్రంపెట్లు జంటలు జంటలుగా వస్తాయి. 1980 ప్రాంతంలో షికాగోలో రికార్డింగుకు సిద్ధమవుతుండగా, డ్రమ్ వాద్యకారుడు తాను అనుకున్న దానికంటే వేగంగా ఎత్తుకోవడం షోల్తి గమనించారు. అచ్చు స్కోరులో (పూర్తి స్వరలిపిలో) కాలప్రమాణం నిమిషానికి 74 దరువులు అని ఉండగా, వాద్యకారుడి ప్రతిలో 94 అని ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని చేతిరాత ప్రతిని సంప్రదిస్తే 94 సరైనదని తేలింది. అంటే దశాబ్దాల పాటు ఎందరో ఆ భాగాన్ని అచ్చుతప్పు వేగంతోనే విన్నారన్నమాట.

స్వదేశంలో పని ఆలస్యంగానైనా గట్టిగానే సాగింది. ప్రభుత్వ సంస్థ హుంగరోటన్ 1960ల రెండో సగంలో బార్తోక్ సమగ్ర రచనల సంపుటాలను చేపట్టింది. 1983లో కండక్టర్ ఇవాన్ ఫిషర్, పియానో విద్వాంసుడు జోల్తాన్ కోచిష్ కలిసి బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రాను స్థాపించాక, హంగరీ బృందం వాయించిన బార్తోక్‌ను ప్రపంచం షికాగో రికార్డుల పక్కన పెట్టి వినడం మొదలుపెట్టింది. ఈ శతాబ్దిలో కోచిష్ హంగరీ జాతీయ ఫిల్‌హార్మోనిక్‌తో మరో బార్తోక్ పరంపరను ప్రారంభించి, 2016లో మరణించేదాకా ఆ స్వరకర్త కోసమే శ్రమించారు.

లిగెటి సంగతి మాత్రం చివరిదాకా పరాయి నేలమీదే నడిచింది. కండక్టర్ ఎసా-పెక్కా సలోనెన్‌తో లండన్‌లో మొదలైన ఆయన సమగ్ర రికార్డుల పథకంలో వాద్యబృంద భాగం మధ్యలోనే నిలిచిపోగా, మరో సంస్థ దానిని అందుకుంది. బుడాపెస్ట్‌లో ఒక్క రిహార్సల్‌తో మూగబోయిన ఆ రొమేనియన్ కన్సర్టో, అర్ధ శతాబ్దం తరువాత జొనాథన్ నాట్ నిర్వహణలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాయించగా, ఆ ఎఫ్ షార్ప్‌తో సహా డిస్కు మీదికి ఎక్కింది.