‘ఐ లవ్ లూసీ’ మీద అపోహలు, వాస్తవాలు: ఒక ఎడిటర్ చెప్పే సంగతులు

నాది టీవీ కామెడీ ఎడిటింగ్. నాలుగైదు కెమెరాల ఫుటేజ్ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ కట్ చేస్తే నవ్వు పండుతుందో చూసుకోవడమే పని. కొత్తగా చేరిన అసిస్టెంట్లకు మొదట చూడమనేది ‘ఐ లవ్ లూసీ’నే. అమెరికాలో సీబీఎస్‌లో 1951 అక్టోబరు 15న మొదలై 1957 మే దాకా 180 ఎపిసోడ్లు నడిచిన బ్లాక్ అండ్ వైట్ సిరీస్ ఇది. న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్, క్యూబా నుంచి వచ్చిన బ్యాండ్ లీడర్ రికీ, ఎలాగైనా స్టేజీ ఎక్కాలని తపించే భార్య లూసీ, ఇంటి ఓనర్లు ఫ్రెడ్, ఎథెల్. కథంతా ఈ నలుగురి మధ్యే. దీని గురించి మా ఫీల్డులో కూడా కొన్ని తప్పుడు మాటలు తిరుగుతున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మూడు కెమెరాల పద్ధతి ఈ షోతోనే పుట్టింది.

కాదు. 1940ల చివర్లోనే జెర్రీ ఫెయిర్‌బ్యాంక్స్ అనే నిర్మాత టీవీ కోసం ఒకేసారి చాలా ఫిల్మ్ కెమెరాలు నడిపాడు. లూసీ టీమ్ చేసిన గొప్ప పని ఏమిటంటే, 35 ఎంఎం కెమెరాలు మూడు పెట్టి, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, మొదటి సీను నుంచి చివరి సీను దాకా వరసలో నాటకంలా ఆడుతూ ప్రతి వారం ఒక ఎపిసోడ్ తీసే పద్ధతిని నిలబెట్టడం. రికీగా నటించిన డెసీ ఆర్నాజ్ దీని కోసం కార్ల్ ఫ్రాయిండ్‌ను పట్టుకొచ్చాడు. జర్మనీలో ‘మెట్రోపాలిస్’ సినిమాకు పనిచేసి, హాలీవుడ్‌లో ఆస్కార్ కూడా అందుకున్న కెమెరామన్ ఆయన. సినిమాలో అయితే వైడ్ షాట్‌కు ఒక లైటింగ్, క్లోజప్‌కు ఇంకో లైటింగ్, కానీ ఇక్కడ వైడూ క్లోజూ ఒకేసారి రోల్ అవుతుంటే లైటు మార్చే వీలెక్కడిది? అందుకని ఫ్రాయిండ్ ఎక్కువ లైట్లను పైనే కట్టించి వెలుతురు అంతటా సమంగా పడేలా చూశాడు, సెట్లకు కూడా బూడిద రంగు ఛాయలే వేయించాడు. తర్వాత అదంతా ఎడిటర్ డాన్ కాన్ దగ్గరకు వచ్చేది. మూడు కెమెరాల ఫిల్మ్‌నీ పక్కపక్కన చూపించే మూవియోలా మీద ఆయన కట్ చేసేవాడు, ఆ మెషీన్‌కు మూడు తలల రాక్షసి అని పేరు. ఈరోజు మన సాఫ్ట్‌వేర్‌లో మల్టీక్యామ్ బటన్ నొక్కగానే యాంగిల్స్ అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి కదా, ఆ పనే అప్పుడు చేత్తో ఫిల్మ్ తిప్పుతూ చేశారు.

అపోహ: వినిపించే నవ్వులన్నీ తర్వాత అతికించినవే.

సెట్ ఎదురుగా గ్యాలరీలో దాదాపు మూడు వందల మంది కూర్చునేవాళ్లు, నవ్వింది వాళ్లే. నా పనికి అన్నిటికంటే దగ్గరి విషయం ఇదే, దయచేసి దీన్ని శ్రద్ధగా గమనించండి. జనం నవ్వుతున్నంతసేపూ లూసీగా నటించిన లూసిల్ బాల్ తర్వాతి డైలాగ్ చెప్పదు, అలాగని ఊరికే నిలబడిపోదు, ఏదో ఒక చూపు, చేతిలో ఏదో ఒక పని. ఆ గ్యాప్ నటనలోనే ఉంది కాబట్టి ఎడిటర్ ఎథెల్ ముఖం మీదకు కట్ చేసి, నవ్వు కాస్త తగ్గాక మళ్లీ లూసీ దగ్గరకు రాగలిగాడు. ఆర్టిస్టు ఆగకుండా డైలాగులు చెప్పేశాక ఎడిట్‌లో నవ్వు అతికిస్తే ఆ నవ్వు కింద తర్వాతి పంచ్ వినపడదు. ఈ ఇబ్బందితో నేను రోజూ కుస్తీ పడుతుంటాను, ఏ ప్లగిన్ పెట్టినా అది తీరదు.

అపోహ: లూసీ అప్పటికప్పుడు తోచింది చేసేది.

ప్రతి ఎపిసోడ్ వెనకా రాతపని గట్టిగా ఉంది. జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్ జూనియర్ అంతకుముందు లూసిల్ బాల్ రేడియో కామెడీకి రాసినవాళ్లే. ఆమె కూడా వస్తువులు చేతిలో పట్టుకుని పదేపదే రిహార్సల్ చేసేది. చాక్లెట్ ఫ్యాక్టరీ సీను చూడండి, బెల్టు స్పీడు పెరిగేకొద్దీ చాక్లెట్లు నోట్లోకి, టోపీలోకి, జాకెట్లోకి పోతుంటాయి. ఆ క్రమం ముందే పక్కాగా కుదిరి ఉండకపోతే అంత తేటగా రాదు.

అపోహ: టీవీలో గర్భిణిని మొదట చూపించింది ఈ షోనే.

1948లోనే ‘మేరీ కే అండ్ జానీ’ అనే షో చూపించింది. అయితే లూసీకి బాబు పుట్టిన ఎపిసోడ్ (1953 జనవరి 19) జనాన్ని ఊపేసిన మాట నిజం. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. ఆ మర్నాడు అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారాన్ని చూసినవాళ్లు దాదాపు 2 కోట్ల 90 లక్షలు.

అపోహ: అంత పాపులర్ కాబట్టే ఇన్నేళ్లు నిలిచింది.

పాపులర్ అయిన షోలు అప్పట్లో చాలా ఉన్నాయి, వాటిలో ఎన్నో మిగల్లేదు. స్పాన్సర్‌గా ఉన్న సిగరెట్ కంపెనీ ఈ షో న్యూయార్క్ నుంచి లైవ్‌గా రావాలంది. లైవ్ చేస్తే దూరపు ఊళ్లకు వెళ్లేది కైనెస్కోప్, అంటే టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన మసక కాపీ. నిజజీవితంలోనూ భార్యాభర్తలైన లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ హాలీవుడ్ వదిలి వెళ్లేది లేదన్నారు, ఫిల్మ్ మీదే తీస్తామన్నారు, పెరిగే ఖర్చుకు బదులు తమ జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకుని ఆ ఫిల్మ్ మీద హక్కు తమ కంపెనీ డెసిలూకు రాయించుకున్నారు. నా దృష్టిలో ఈ షో చరిత్రలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం అది. చక్కటి నెగటివ్ చేతిలో ఉండబట్టే పాత ఎపిసోడ్లు మళ్లీ మళ్లీ వేయగలిగారు, అమ్ముకోగలిగారు, ఆ తర్వాత ఆర్‌కేవో స్టూడియోనే కొన్నారు, 1966లో ‘స్టార్ ట్రెక్’ సిరీస్ వచ్చింది కూడా ఆ డెసిలూ నుంచే. ఇదే షో పైలట్‌ను, అంటే ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్‌ను మాత్రం కైనెస్కోప్ మీద తీశారు, అది ఏళ్ల తరబడి ఆచూకీ లేకుండా పోయి 1990లో గానీ జనం చూడలేకపోయారు. యూట్యూబ్‌లో కామెడీ చేస్తున్న కుర్రాళ్లకు నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే: ఒరిజినల్ ఫుటేజ్, హక్కుల కాగితం, రెండూ మీ దగ్గరే ఉంచుకోండి. చానల్ మీద నమ్మకంతో మాస్టర్ కాపీ కూడా దాచుకోని వాళ్లను ఎంతమందినో చూశాను, బాధేస్తుంది.

అపోహ: శాటిన్ గుడ్డ మీద హార్ట్ గుర్తుతో వచ్చే టైటిల్ మొదటినుంచీ ఉన్నదే.

అది పునఃప్రసారాల కోసం తర్వాత చేసింది. మొదట వచ్చిన టైటిల్స్‌లో లూసీ, రికీల కార్టూన్ బొమ్మలు స్పాన్సర్ సిగరెట్ పెట్టె చుట్టూ తిరుగుతుంటాయి. డీవీడీ సెట్లలో ఆ పాత టైటిల్స్ కూడా ఇచ్చారు, దొరికితే వాటితోనే చూడండి.