పాత సింథసైజర్ కొనాలనుకుంటున్న పిల్లలకు

కోడంబాక్కం, చెన్నై

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ముగ్గురూ డబ్బు కూడబెట్టి 1984 నాటి రోలాండ్ కంపెనీ సింథసైజర్ జూనో-106 కొనాలనుకుంటున్నామని, కొనవచ్చో లేదో చెప్పమని రాశారు. అమ్మే మనిషి పంపిన ఫోటోలు చూశాను. ఆ ఒక్క యంత్రం సంగతి అయితే వద్దనే నా మాట. అసలు పాత అనలాగ్ సింథసైజరే వద్దా అని అడిగితే మాత్రం వద్దనను. ఈ రెండు జవాబులూ ఎందుకు వేరయ్యాయో మీకు అర్థం కావాలి. అందుకే ఉత్తరం కాస్త పెద్దదైంది. ఓపికగా చదవండి.

మీ కంప్యూటర్‌లో ఉన్న సింథసైజర్ అంకెలతో లెక్కకట్టి ధ్వనిని తయారుచేస్తుంది. అనలాగ్ యంత్రంలో ఆ లెక్క లేదు. ఆసిలేటర్ అనే సర్క్యూట్‌లో వోల్టేజి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అది సెకనుకు 440 సార్లు అలా ఊగితే, ఆ ఊపే స్పీకర్‌ను కదిలించి స్వరమై వినిపిస్తుంది. అప్పుడే పుట్టిన ఆ ధ్వని గరుకుగా ఉంటుంది. ఫిల్టర్ అందులోని పై పౌనఃపున్యాలను మనకు కావలసినంత తగ్గించి మెత్తన చేస్తుంది. ఆ తర్వాత ఆంప్లిఫయర్ ఉంటుంది. ధ్వని ఎంత త్వరగా లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా అణగాలో దానికి చెప్పే సర్క్యూట్ పేరు ఎన్వలప్. రాబర్ట్ మూగ్ 1964లో అమెరికాలో మొదట కట్టిన యంత్రం విడివిడి పెట్టెలను తీగలతో కలుపుకోవలసినది. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఆ తీగల గొడవ లేకుండా, అవసరమైనవన్నీ ఒకే పెట్టెలో అమర్చారు. మన ఇంట్లో ఉన్నది అదే. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ఒకసారికి ఒకే స్వరం.

దాని ముందు పలకను మీరు ఎప్పుడూ దూరం నుంచే చూశారు. ఒకసారి దగ్గరగా చూడండి. ఒక్కో నాబ్‌కు ఒక్కటే పని. ఫిల్టర్ నాబ్‌ను తిప్పుతుంటే చెవి మార్పును వింటుంది, చెయ్యి అది ఎంత దూరం తిరిగిందో గుర్తు పెట్టుకుంటుంది. తెర మీద పేజీలు మార్చుకుంటూ పోయేవాళ్లకు ఈ చదువు చాలా ఆలస్యంగా వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. మినీమూగ్‌లో జ్ఞాపకశక్తి లేదు. నిన్న చేసిన ధ్వని ఈరోజు మళ్లీ కావాలంటే, అది ఎలా వచ్చిందో మీకు తెలిసి ఉండాలి, లేదా కాగితం మీద నాబ్‌ల స్థానాలు గీసి ఉంచుకోవాలి. రికార్డింగ్ థియేటర్‌లో దర్శకుడు ఎదురుచూస్తుంటే అది పెద్ద చిక్కే. నేర్చుకునే వయసులో మాత్రం అంతకన్నా మంచి గురువు లేదని నా గట్టి నమ్మకం. పాత అనలాగ్ యంత్రానికి ఉన్న గుణాల్లో నేను మొదట లెక్కించేది ఇదే.

రెండోది మన సంగీతానికి సంబంధించినది. హార్మోనియం మెట్టు మీద గమకం పలకదని మీ పాట టీచరు చెప్పే ఉంటారు. మినీమూగ్‌లో గ్లైడ్ అనే నాబ్ ఉంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్లేటప్పుడు వోల్టేజి ఒక్కసారిగా గెంతకుండా, మధ్యలో అంచెలు లేకుండా జారుతుంది. ఎడమవైపు చక్రంతో స్వరాన్ని వేలికొసన ఊపవచ్చు. తోడిలో గాంధారాన్ని ఆ చక్రం మీద సాధన చేసి చూడండి, నెలల పని పడుతుంది. పైగా ఒకసారికి ఒకే స్వరం పలకడం పాశ్చాత్యులకు లోపం, వాళ్లకు కలిసి మోగే స్వరాలు కావాలి. రాగం పాడుకునే మనకు అది లోపమే కాదు. 1982లో బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ మూడు రోలాండ్ యంత్రాలు పెట్టుకుని రాగాలు వాయించి ఒక రికార్డు చేశారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో అది మళ్లీ వెలువడినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆ యంత్రాలు మన రాగానికి పనికివస్తాయా అని ఎవరైనా అడిగితే ఆయన పేరు చెప్పండి.

ఇక అందరూ ముందు మాట్లాడే ధ్వని సంగతి. తంబురాలో మధ్య తీగలు రెండూ ఒకే శ్రుతిలో ఉన్నా, వాటి మధ్య మిగిలే వెంట్రుకవాసి తేడా వల్లే ఆ నాదానికి ప్రాణం వస్తుంది కదా. మూడు ఆసిలేటర్లు కూడా అంతే, ఎప్పుడూ ఖచ్చితంగా కలవవు, నెమ్మదిగా ఒకదాని చుట్టూ ఒకటి కదులుతుంటాయి. ఆ తేడా నిజం. అయితే ఇప్పటి సాఫ్ట్‌వేర్ దాన్ని చాలావరకు పట్టుకుంది. ముప్ఫై వాద్యాల మధ్య వినిపించే పాటలో ఏది అసలు, ఏది అనుకరణ అని చెప్పగలిగేవారు చాలా అరుదు. కేవలం ధ్వని కోసమే లక్షలు పెట్టి పాతది కొంటామంటే నేను ఆపుతాను.

ఎందుకంటే ఆ కదలికే హద్దు దాటితే అపశ్రుతి అవుతుంది. మినీమూగ్ వంటి యంత్రాల్లో ఒక స్థాయికి ఒక వోల్టు. అంటే అర్ధస్వరానికి 83 మిల్లీవోల్టులు. అర్ధస్వరంలో నూరో వంతును సెంటు అంటారు. ఐదు మిల్లీవోల్టులు తప్పితే ఆరు సెంట్లు తప్పుతుంది, సంగీతం నేర్చిన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఆ వోల్టేజిని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల జంటకు వేడి పడదు. దిద్దుబాటు లేకపోతే ఒక డిగ్రీ వేడి పెరిగినా స్థాయికి నాలుగు సెంట్ల తేడా వస్తుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర శ్రుతి చేసుకున్నాక కరెంటు పోయి గది 34 డిగ్రీలకు చేరిందనుకోండి. ఒక స్థాయి అవతల దాదాపు అర్ధస్వరంలో సగం దూరం జరిగిపోతుంది. దీనికి విరుగుడుగా, వేడితోపాటు విలువ మారే ప్రత్యేక రెసిస్టర్‌ను ఆ జంటకు అంటించి పెడతారు. అది తప్పును బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. అందుకే వాయించడానికి అరగంట ముందే స్విచ్ వేసి యంత్రాన్ని వేడెక్కనివ్వాలి. మినీమూగ్‌లో శ్రుతి సరిచూసుకోవడానికి 440 స్వరం పలికించే మీటను కట్టినవారే పెట్టి ఇచ్చారు. అవసరం ఎంత తరచుగా వస్తుందో వాళ్లకు తెలుసు.

మన ఊరి వాతావరణం దీనికి తోడు. సముద్రపు గాలిలోని తేమ, ఉప్పు మెట్ల కింది కాంటాక్టులను, నాబ్‌ల లోపలి పూతను, చిప్‌లు కూర్చునే సాకెట్లను మెల్లగా తినేస్తాయి. నాబ్ తిప్పితే గరగరమనడం, కొన్ని మెట్లు పలకకపోవడం ఇందువల్లే. కెపాసిటర్లలోని రసం ఏళ్ల తరబడి ఎండిపోతుంది. పది డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివినవారికి తెలిసిన లెక్క. వాడకుండా గుడ్డ కప్పి మూల పెట్టిన యంత్రమే ముందు పాడవుతుంది. వారానికి రెండుమూడు సార్లైనా వాయించేవారికే అది మిగులుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన జూనో-106 దగ్గరికి వద్దాం. శ్రుతి విషయంలో అది మినీమూగ్ కన్నా ఎంతో నమ్మకమైనది, ఎందుకంటే అందులో ఆసిలేటర్లను ఒక డిజిటల్ గడియారం అదుపు చేస్తుంది. ఆరు స్వరాలు ఒకేసారి పలుకుతాయి, 128 ధ్వనులు గుర్తుంచుకుంటుంది, కంప్యూటర్‌తో మిడి ద్వారా మాట్లాడుతుంది. కాగితం మీద చూస్తే మీకు అంతకన్నా తగినది లేదనిపిస్తుంది. చిక్కంతా లోపల ఉంది. ఒక్కో స్వరానికి ఒక గొంతు చొప్పున ఆరు గొంతులకు ఆరు చిప్‌లు, 80017ఎ అని వాటి పేరు. ఫిల్టర్, ఆంప్లిఫయర్ రెండూ అందులోనే. ఆ చిప్‌లకు పూసిన ఎపాక్సీ పూత కాలం గడిచేకొద్దీ లోపలి భాగాలను చెడగొడుతుంది. ఒక గొంతు పగిలినట్టు పలుకుతుంది, తర్వాత ఇంకొకటి. అసలు చిప్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అసిటోన్‌లో నానబెట్టి పూత తీసి కొన్నిటిని బతికించవచ్చు, లేదంటే ఇతరులు కొత్తగా చేసిన నకళ్లను విదేశాల నుంచి తెప్పించుకోవాలి. వాటి ధర, కస్టమ్స్ సుంకం, పని చేసేవారి కూలి, అన్నీ మీరు అనుకున్న ధర మీద అదనం.

మినీమూగ్ అంతకన్నా పద్నాలుగేళ్లు పెద్దది. అయినా దాన్ని బాగుచేయడం తేలిక, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం విడి ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లే. వాటిలో చాలావరకు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక పూట తిరిగితే దొరుకుతాయి. సర్క్యూట్ పటం ముందు పెట్టుకుని, ఏ భాగం పోయిందో వెతికి, టంకం వేసి మార్చవచ్చు. కాబట్టి పాతదాన్ని ఎంచుకునేటప్పుడు పేరు, పుట్టిన ఏడాది చూడకండి. దాని లోపల దొరికే భాగాలు ఎన్ని, ఒక్క కంపెనీ మాత్రమే చేసినవి ఎన్ని అని చూడండి. ఇంతమంది కొనేవారిలో ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది.

బ్యాటరీ సంగతి కూడా మర్చిపోకండి. ధ్వనులు గుర్తుంచుకునే పాత యంత్రాల్లో చాలావాటిలో ఒక బ్యాటరీ ఉంటుంది. 1981లో వచ్చిన కోర్గ్ కంపెనీ పాలీసిక్స్‌లో ఆ బ్యాటరీ కారి బోర్డు మీది రాగి గీతలనే తినేసిన సందర్భాలు ఎన్నో. ఇక జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులకు, అమెరికావి 120 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే అదే ఆఖరు. వెనక పలక మీద రాసింది చదవకుండా దేనికీ స్విచ్ వేయవద్దు. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. నేను పక్కన లేకుండా మూత విప్పవద్దు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకండి.

సొంతంగా ఉంటేనే నేర్చుకోగలమని అనుకుంటున్నారేమో. ఈ ఊళ్లో వాద్యాలు అద్దెకు తీసుకోవడం పాత అలవాటు. ఎ.ఆర్. రెహమాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో కన్నుమూశాక, ఆయన వాద్యాలను అద్దెకు ఇచ్చి ఆ కుటుంబం జీవించింది. కొనలేని వాద్యకారులు ఎందరో అలా తెచ్చుకున్న యంత్రాల మీదే చెయ్యి తిప్పుకున్నారు. పాతవాటి రూపంలోనే కొత్తవీ వస్తున్నాయి. కోర్గ్ 2013లో తన పాత సింథసైజర్ ఎంఎస్-20ని చిన్నగా చేసి తెచ్చింది, మూగ్ కంపెనీ 2016లో మినీమూగ్‌ను మళ్లీ చేసింది, 2020లో ప్రాఫెట్-5 అనే మరో పాత సింథసైజర్ తిరిగి వచ్చింది. అవీ అనలాగే, అవీ నాబ్‌లతోనే. వీటిలో కోర్గ్‌ది మీ డబ్బుకు దగ్గరగా ఉంటుంది. మొదటిది అలాంటిది కొనండి. పాతది కావాలనే కోరిక అప్పటికీ తీరకపోతే, నేను మీతో వచ్చి చూసి కొనిపిస్తాను.

అంతలోగా ఆదివారాలు ఇక్కడికి రండి. నేను అరగంట ముందే స్విచ్ వేసి ఉంచుతాను. మొదటి పాఠం మూడు ఆసిలేటర్లనూ మీ చెవితో కలపడం, ఫోనులో శ్రుతి చూపించే ఆప్‌లు ఆ గదిలో వద్దు.

జూనో మీద మనసు ఇంకా పోకపోతే, ఆ అమ్మే మనిషిని ఒక వీడియో అడగండి. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే పరీక్షా పద్ధతి వస్తుంది. అప్పుడు మెట్టు నొక్కినప్పుడల్లా ఏ గొంతు పలుకుతోందో దాని నంబరు తెర మీద కనిపిస్తుంది. ఆరు గొంతులనూ విడివిడిగా, పూర్తిగా అణిగేదాకా వినిపించమనండి. వీడియో రాగానే నాకు పంపండి. నేను విని చెప్పేదాకా బయానా కూడా ఇవ్వకండి.

మీ తాతయ్య